కిటికీ అవతల చుట్ట వాసన

మొన్న ఏలూరులో డాక్టరమ్మ నా షుగరు రిపోర్టు చూసి, టీలో పంచదార ఒక్కసారిగా మానెయ్యక్కర్లేదు, అర చెంచా తగ్గించండి చాలు, ఏ పెళ్లిలోనో నోరు కట్టుకోలేకపోతే మరునాటి టీ దగ్గర మళ్లీ మొదలుపెట్టండి, బాధపడకండి అంది. ఇంత మెత్తని వైద్యం కూడా ఉంటుందా అనుకుంటూ ఉంగుటూరు బస్సెక్కాను గాని, దారి పొడుగునా మా నాన్నే గుర్తొచ్చారు.

మన రోజుల్లో మానితే మొత్తం మానాలి, లేకపోతే మనిషే కాదన్నట్టుండేది కదా. నాన్న ఏటా జనవరి ఒకటో తారీఖు చర్చి ఆరాధనలో లేచి, ఇక పొగాకు ముట్టనని సంఘమంతటి ముందూ ప్రమాణం చేసేవారు. నెల తిరక్కుండా పొలం గట్టు మీద పొగ లేచేది. ఊళ్లోవాళ్లు ఆరంభశూరుడని ఆటపట్టించేవారు. మాట తప్పినవాణ్ణి దేవుడి ఎదుట ఎలా కూర్చుంటానని ఆ ఏడంతా చర్చిలో అడుగు పెట్టేవారు కాదు. ఆదివారం కిటికీ అవతల నిలబడి పాటలు వింటూ, సిగ్గుకొద్దీ ఇంకో చుట్ట ఎక్కువే కాల్చేవారు. ఆ ఘాటుకి లోపల నా పక్కవాళ్లు ముక్కు మూసుకుంటే, నాకు మాత్రం నాన్న వచ్చారని ధైర్యంగా ఉండేది.

చివరికి అమ్మే, ప్రమాణాలొద్దండీ, పొద్దున్న కాఫీ తర్వాతది ఒక్కటీ మానండి, తప్పిన రోజు తప్పింది, అని బతిమాలింది. ఇదీ ఒక మానడమేనా అని నవ్వేశారు గాని, మాట తీసెయ్యలేదు. కొన్నాళ్లకి అది పోయింది, తర్వాత మధ్యాహ్నందీ పోయింది. ఊడ్పుల రోజుల్లో ఎన్నిసార్లు జారినా అమ్మ పల్లెత్తు మాట అనలేదు.

ఒక ఆదివారం చర్చిలోకి ఘాటు రాలేదు. నాన్న రావడం కూడా మానేశారనుకుని నాకు ఏడుపొచ్చింది. ఆరాధన అయ్యాక చూస్తే ఆయన కిటికీ పక్కనే, ఉత్త చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. అమ్మ ముఖం వెలిగిపోయింది.

"ఇంకేవండీ, లోపలికి రావచ్చు కదా?"

"రాత్రి భోజనం తర్వాతది ఒకటి ఉందే ఇంకా. పూర్తిగా మానాక వస్తాను."

ఆ వానాకాలమే దగ్గు ముదిరి పోయారు. ఆయన్ని చర్చిలోకి పెట్టెలోనే తీసుకొచ్చాం.

ఇప్పుడు ఆ చర్చికి ఏసీ పెట్టి కిటికీలన్నీ మూసేశారు. ఎవరు ఏం మానారో, ఏం మానలేదో ఎవరూ అడగరు. నిన్న చుట్టాలింట్లో రెండు లడ్డూలు తిన్న నేను, ఈ వేళ టీలో అర చెంచా తగ్గించుకుని, ఏ బెంగా లేకుండా వెళ్లి ముందు వరసలో కూర్చున్నాను. ఆ ఒక్క చుట్టతోనే లోపలికి రండి నాన్నా అని ఆ రోజు చెయ్యి పట్టుకుని లాగాలని నాకు తోచలేదే అని, పాటలు అయ్యేదాకా ఆ మూసిన కిటికీనే చూస్తూ ఉండిపోయాను.