అక్క నోరు తెరవని రోజు

మా బడి సైన్సు టీచరక్క పోయింది. మంగళవారం పొద్దున వాళ్ల తమ్ముడు తొర్రూరు నుంచి వచ్చి ఉన్నాడట, ఫోన్ చేసి "మేడం, అక్క పోయింది. పదకొండుకల్లా తీస్కపోతం" అన్నాడు. పొయ్యి మీద అన్నం మాడిన వాసన వచ్చేదాకా ఫోన్ నా చెవి దగ్గరే ఉంది.

మీలో చాలామందికి ఆమె తెలియదు. పత్తి రైతుల ఇంట్లో పుట్టి, వరంగల్‌లో జీవితమంతా పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. నేను అదే బడిలో తెలుగు చెప్తాను. రిటైరైనవాళ్లు తీర్థయాత్రలకు పోతారు కదా, ఈమె నేపాల్ కొండల్లో ఒక పల్లె బడికి వాలంటీరుగా పోయింది. జీతం లేదు, మోకాళ్ల నొప్పులు మాత్రం ఉన్నాయి. "ఈ వయసుల గుట్టలెక్కుతవా అక్కా?" అంటే, "ఎక్కేది పిల్లలు. నేను కింద కూసుంట" అని నవ్వింది.

నిజంగానే ఆమె అక్కడ చేసిన పని కూర్చోవడమే. ఆ ఊరి ఊట ఎండిపోతుంటే ఏం చేయాలో పిల్లలే తేల్చుకోవాలి, ఊరి పెద్దలతో పిల్లలే మాట్లాడాలి. వాన నీళ్లు ఇంకడానికి వాళ్లు కొండ మీద గుంతలు తవ్వారు. తప్పు చోట తవ్వితే పూడుకుపోయాయి. మళ్లీ తవ్వారు. "నా చేతులు ఊకుంటయా! కొంగుల చుట్టి పెట్టుకునేదాన్ని. పిల్లలు అడిగితే చెప్పాలె, అడగకుంటే చాయ్ తాగాలె. వాళ్ల తప్పు వాళ్లను చెయ్యనియ్యకుంటే ఆ పని మనదైతది, మనం పోంగనె అదీ పోతది" అనేది. చివరికి ఊట పారింది. ఫోన్‌లో తీసుకొచ్చిన ఆ వీడియోను ఇక్కడ కూరగాయలమ్మే ఆమెకు కూడా చూపించింది.

తిరిగొచ్చాక మా తొమ్మిదో తరగతి పిల్లలతో అదే మొదలుపెట్టింది. వాళ్లు బడి వెనక చెరువును ఎంచుకున్నారు. గుర్రపు డెక్క కమ్మేసి, కింద నీళ్లున్న సంగతే మరిచిపోయిన చెరువు అది. ఆదివారాలు దిగి, బురద పట్టిన వేర్లతో సహా డెక్కను లాగి, రోడ్డు వైపు లోతు తక్కువ చోట కుప్పలు పోశారు. ట్రాక్టరుకు ఎత్తడం సులువని వాళ్ల లెక్క. అక్క చాయ్ తాగేసి, చేతులు కొంగులో చుట్టుకుని గట్టు మీద కూర్చుంది.

"కుప్పలు నీళ్లల్లనే పడుతున్నయి అక్కా, చెప్పరాదు?" అన్నాను.

"అడగలే గదా. జర ఆగు, వాళ్లకే సమజైతది."

వస్తానన్న ట్రాక్టరు రాలేదు. ఎండాకాలానికి ఆ కుప్పలు ఎండి, అణిగి, చెరువులోకి నడిచిపోయేంత గట్టిపడ్డాయి. ఒక పొద్దున బడికి వెళ్లేసరికి వాటి మీద టిప్పర్లు మొరం మట్టి పోస్తున్నాయి. ముందు తొవ్వ పడింది, తొవ్వకు రెండు పక్కలా ప్లాట్లు పడ్డాయి. ఆఫీసుల చుట్టూ తిరిగాం. "చూస్తం మేడం" అన్నారు. ఇంకా చూస్తూనే ఉన్నారు.

పిల్లలను ముందుండి నడిపిన అమ్మాయి అక్క దగ్గరికి వచ్చి నిలదీసింది. "టీచర్, ఆడ కుప్పలు పొయ్యొద్దని మీకు ముందే ఎర్కనా?"

"ఎర్కే బిడ్డా. టిప్పర్లొస్తయని ఎర్క లేకుండె."

ఆ పిల్ల బ్యాగు భుజాన వేసుకుని వెళ్లిపోయింది. తర్వాత అక్క బడి వైపు రాలేదు.

నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కుప్పలు లేకపోయినా ఆ ప్లాట్లవాళ్లు వచ్చేవాళ్లే, కాకపోతే నాలుగు ట్రిప్పుల మొరం ఎక్కువ పోసేవాళ్లు. ఆ మాట ఆమెకు ఎన్నిసార్లు చెప్పానో! దవాఖానలో చివరిసారి చూసినప్పుడూ చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "ఆడ పిల్లలు తప్పు చేస్తే గుంత పూడింది, మళ్ల తవ్వుకున్నరు. ఈడ ఒక్క తప్పుకు చెరువే పాయె. ఆ ఒక్కనాడన్న నోరు తెరవకపోతినే" అంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

పాఠం మధ్యలో ఆగి పిల్లల మాట వినడం నాకు నేర్పింది ఆమే. ఇప్పుడు ఆగుతాను, ఎవరూ ఏమీ అడగరు. చెట్లు నాటుదాం రండంటే "ఎందుకు టీచర్" అంటారు. ఆమె చేసిన పని బతికే ఉందని రాయాలని కూర్చున్నాను గానీ, అబద్ధం రాయలేను.

దహనం అయ్యాక చెరువులో స్నానం చేసి ఇల్లు చేరడం మా దగ్గర ఆనవాయితీ. వాళ్ల తమ్ముడు పాత అలవాటున అటే నడిచాడు. అతన్ని ఆపడానికి మాకెవరికీ నోరు రాలేదు. వెళ్లి చూస్తే హద్దురాళ్లు, ఎర్ర మొరం. ప్లాట్ల కావలి మనిషి మమ్మల్ని చూసి సంగతి అర్థం చేసుకున్నాడు. బోరు ఆన్ చేసి, పైపు తెచ్చి చేతికిచ్చాడు. "జల్ది కానియ్యుండ్రి, సేటు చూస్తే నా కొలువు పోతది" అన్నాడు. తమ్ముడు పైపు నెత్తిన పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. తర్వాత ఒకరి వెనక ఒకరం, ఒకప్పుడు మెడలోతు నీళ్లుండే చోట, రెండు హద్దురాళ్ల నడుమ నిలబడి తలలు తడుపుకున్నాం.