నలభై నిమిషాల ఎదురుగాలి

ఎవరైనా ఒక ఊరి పేరెత్తితే చాలు, అదెంత దూరమో, విమానంలో ఎంతసేపో చెప్పేదాకా మామయ్యకి గుటక దిగదు. తను మాత్రం జన్మలో విమానం ఎక్కలేదు. మేడమీద బట్టలు ఆరేయడానికి వెళ్తేనే ఆయనకి కళ్లు తిరుగుతాయి. ఆయన ఆస్తంతా సొట్టపడ్డ ఒక భూగోళం, దర్జీ టేపు ఒకటి.

ఓసారి గడ్డం గీస్తున్న మంగలి మాటవరసకి, "మా తమ్ముడు రేవుపట్నంలో ఉంటున్నాడండీ" అన్నాడు. "పదమూడు వందల ఎనభై కిలోమీటర్లు! గంటా యాభై!" అంటూ మామయ్య నురగతోనే లేచారు. కత్తి జారి సగం మీసం ఎగిరిపోయింది. మిగతా సగం తూకం కోసం తీయించేశారు.

మామయ్య పనిచేసే విమాన టికెట్ల ఆఫీసు, తన తండ్రి తర్వాత మేనకోడలి చేతికొచ్చింది. మామయ్య ఆ కిటికీ దగ్గర కుర్చీలో ముప్పై ఏళ్లుగా ఉన్నారు. ఆమెకి అర్థంకానిది ఒక్కటే. ప్రయాణికుడికి "గంటా యాభై" అని చెప్పిన నోటితోనే, ఊళ్లోనే ఉండిపోయే వాళ్లావిడకి "రెండున్నర" అంటారు.

"ఒకే విమానానికి రెండు లెక్కలేంటి మామయ్యా?"

"గాలి ఎదురొస్తుంది కదమ్మా."

"ఆవిడొక్కదానికేనా ఎదురుగాలి?"

మామయ్య కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఆఫీసు పరువు పోతోందని మేనకోడలు ఆయన్ని వెనకగదిలో ఫైళ్ల దగ్గరికి మార్చేసింది. మామయ్య భూగోళాన్ని చంకనెత్తుకుని వెళ్లారు. కాలినడక రోజుల్లో ఊళ్ల దూరాన్ని రోజుల్లో చెప్పుకునేవారు. మామయ్యకి ఆ వెనకగది ముప్పై ఏళ్ల దూరం.

ఆ మంగళవారం తాపీమేస్త్రి కూతురు మొదటిసారి విమానం ఎక్కింది. "తొమ్మిదీ నలభైకి లేస్తుంది, పదకొండున్నరకి దిగుతుంది" అని మేనకోడలు కచ్చితంగా చెప్పింది. పన్నెండు కాకముందే మేస్త్రి ఒంటి చెప్పుతో పరిగెత్తుకొచ్చాడు.

"ఫోనెత్తడం లేదమ్మా! ఏమైందో చెప్పండి!"

విమానం దిగిందన్నా వినడు, కంప్యూటర్ తెర చూపించినా నమ్మడు. గొడవ విని మామయ్య టేపుతో బయటికొచ్చారు.

"పదకొండున్నరని ఎవరన్నారయ్యా? పన్నెండూ పది! మా అమ్మాయి కొత్త, లెక్క తప్పింది. కూర్చో."

మేస్త్రి కుర్చీలో కూలబడి గ్లాసుడు నీళ్లు తాగాడు. పన్నెండూ ఎనిమిదికి ఫోన్ మోగింది. "నాన్నా, ఇప్పుడే పెట్టె చేతికొచ్చింది. ఫోన్ అందులోనే మర్చిపోయా!"

మేస్త్రి మామయ్యకి దణ్ణం పెట్టి, మేనకోడలి వైపు జాలిగా చూశాడు. "నేర్చుకుంటావులే తల్లీ."

అతను వెళ్లాక ఆమె నెమ్మదిగా అడిగింది. "విమానం ఎప్పుడో దిగింది కదా మామయ్యా?"

"విమానం దిగిందమ్మా. ఆయన గుండె దిగొద్దూ?"

ఆ సాయంత్రమే కుర్చీ, భూగోళం కిటికీ దగ్గరికొచ్చేశాయి.

నెల తిరక్కుండా మేనకోడలే ప్రయాణమైంది. అన్ని దూరాలూ కంఠతా వచ్చిన మనిషి, టేపుని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, "ఎంతసేపమ్మా?" అని అడిగారు.

గంటా ఇరవై అని ఇద్దరికీ తెలుసు. ఆమె ఆ వేలి వంక చూసింది.

"రెండు గంటలు మామయ్యా."

"ఎదురుగాలా?"

"అవును. మీకొక్కరికే."