ఫలానికో విన్న ఈల

బస్సులకి స్పీకర్లు బిగించే ఫలానికోకి ఉన్న పిచ్చి ఒక్కటే. స్పీకర్లోంచి పాట తప్ప మరో చప్పుడు రాకూడదు. ఇంజను వేగంతో పాటు పెరిగే ఈలలాంటిది వచ్చిందా, కారణం కూడా ఒక్కటే: ఎర్తు సరిగ్గా పట్టలేదు. బండి అడుగున ఇనుముకి బిగించే నల్ల వైరు కింద తుప్పో రంగో పేరుకుంటుందని, దాన్ని గీకి మెరిసే ఇనుము మీద మళ్ళీ బిగిస్తే సవాయి దీవి మొత్తం బాగుపడుతుందని అతని నమ్మకం. బండ్లతో ఆగితే బాగుండేది. పక్కింటి పంది మేత ముట్టకపోయినా, పాస్టరుగారు ప్రసంగం మధ్యలో తడబడినా అతను అడిగేది ఒకటే: "ఎర్తు చూశారా?"

ఓసారి చేపల సంతలో ఒకాయన పెళ్ళాం సణుగుడు గురించి వాపోయాడు. ఫలానికో చాలా శ్రద్ధగా విన్నాడు.

"నువ్వు వేగం పెంచితే ఆవిడ ఈల పెరుగుతుందా?"

"పెరుగుతుందయ్యా!"

"నువ్వు ఆగిపోతే?"

"ఆగిపోతుంది."

"అయితే ఆవిడలో ఏ లోపమూ లేదు. నీ ఎర్తే చూసుకో."

ఈ మాట ఆ సాయంత్రానికల్లా ఆవిడకి చేరింది. ఆ తరవాత ఏడాది పొడుగునా ఫలానికోకి ఆ ఇంటి నుంచి ఆదివారం భోజనం వచ్చేది.

బస్సు డ్రైవరు లఫయేలేకి ఇతను చిన్ననాటి స్నేహితుడు, అంటే చిన్ననాటి నుంచీ తలనొప్పి. చర్చి గాయకబృందంలో ఇద్దరూ పక్కపక్కనే నిలబడేవారు. ఫలానికో చెవి పదునైనది, గొంతూ బాగానే ఉండేది. అయినా బృందం నుంచి గెంటేశారు. పండగ నాడు అందరూ కళ్ళు మూసుకుని పాడుతుంటే చెయ్యెత్తి పాట ఆపించి, "మూడో వరసలో ఎడమ చివర గరగర వస్తోంది" అని ప్రకటించాడు మరి. ఆ ఎడమ చివర నిలబడింది బృందం నాయకుడు ట్వాలాగారి భార్య.

ట్వాలాగారు బృందానికే కాదు, ఊరికీ పెద్ద. లఫయేలే నడిపే చెక్క బస్సుకీ యజమాని ఆయనే. అన్నిటికీ మించి లఫయేలే పెళ్ళానికి అన్నగారు. ఒకే మనిషి ఇన్ని వైపుల నుంచి మీద కూర్చుంటే లఫయేలే వీపు ఎప్పుడూ కాస్త వంగే ఉండేది.

ఊళ్ళో రోజూ పొద్దు వాలగానే శంఖం ఊదుతారు. ప్రార్థన వేళ. బండ్లు ఆగాలి, మనుషులు ఇళ్ళల్లో కూర్చోవాలి, కుక్క కూడా ఆలోచించి మొరగాలి. సరిగ్గా ఆ వేళకే ఫలానికో ఎవరి బస్సు కిందో దూరేవాడు. స్పీకర్లలో సన్న చప్పుడు వినాలంటే అంతకన్నా మంచి వేళ ఎక్కడ దొరుకుతుంది? కర్రలు పట్టుకుని కాపలా తిరిగే కుర్రాళ్ళు కాళ్ళు పట్టి బయటికి లాగేవారు. పంచాయతీ ఒక పెట్టె చేపల డబ్బాలు జరిమానా వేసేది. ఆ డబ్బాల్ని పెద్దలు అక్కడే విప్పి, దేవుడి తరఫున తినేసేవారు.

"దేవుడు వినడానికేగా నిశ్శబ్దం? నేనూ అందుకే విన్నాను," అనేవాడు ఫలానికో.

ఒక వర్షాకాలంలో లఫయేలే బస్సులో ఈల మొదలైంది. సన్నగా, తెగకుండా. సవాయిలో జనం బస్సు ఎక్కేది టైము చూసి కాదు, పాట చూసి. అందుకే లఫయేలే తన సీటు వెనకాల, కుడి చెవికి జానెడు దూరంలో, గంగాళమంత స్పీకరు పెట్టించుకున్నాడు. అలాంటి బస్సులో ఈల అంటే పెళ్ళి భోజనంలో ఇసుక.

ఫలానికో పరుగెత్తుకొచ్చాడు. బస్సు నిండుగా ఉంది, ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చున్నారు.

"సూలియా మామ్మా, ఆ లావుపాటాయన ఒళ్ళోంచి లేచి టీచరమ్మ ఒళ్ళో కూర్చో. నీ కింద వైరుంది."

"లేవను. ఈయన మెత్తగా ఉన్నాడు."

"ఈల వినిపిస్తోందా నీకు?"

"ఈలా లేదు, గోలా లేదు. మీ ఇద్దరి గోలే!"

నిజానికి బస్సులో ఎవరికీ వినబడలేదు. ఆ సాయంత్రం శంఖం ఊదాక స్నేహితులిద్దరే బస్సులో కూర్చున్నారు. ఫలానికో ఒక్కో తీగా పీకడం మొదలుపెట్టాడు. పాటల పెట్టె తీగ పీకి, "ఇప్పుడు?" అన్నాడు. "ఉంది." చప్పుడు పెంచే యాంప్ తీగ పీకాడు. "ఇప్పుడు?" "ఉందిరా." చివరికి బ్యాటరీ వైరు కూడా విప్పి చేత్తో పట్టుకున్నాడు. బస్సు మొత్తం చెక్కపెట్టెలా పడి ఉంది.

"ఇప్పుడు?"

ఈల ఇంకా ఉంది. అది బస్సులో లేదని, తన తలలో ఉందని లఫయేలేకి అప్పుడు తెలిసింది. డ్రైవరు చెవి చెడిందని బావగారికి తెలిస్తే రేపటికల్లా స్టీరింగు ఆయన కొడుకు చేతికెళ్తుంది.

"పోయింది," అన్నాడు.

ఫలానికో చేతిలోని వైరు కేసి కాసేపు చూశాడు. "ఎలా ఉండేదో ఒకసారి పాడు."

"పోయిందన్నానుగా!"

"పోయినవాళ్ళ గురించి కూడా నాలుగు మాటలు చెప్పుకుంటాం. పాడు."

లఫయేలే గొంతు సన్నం చేసి పాడాడు. ఇంకొంచెం పైనా, కిందా అంటూ ఫలానికో మళ్ళీమళ్ళీ పాడించాడు. కాపలా కుర్రాళ్ళొచ్చి ఈసారి ఇద్దరి కాళ్ళూ పట్టి లాగారు.

పిచ్చాడు పిచ్చాడే, గండం గడిచింది అనుకున్నాడు లఫయేలే. గడవలేదు. సూలియా మామ్మ నోరు బస్సు కన్నా ముందే అన్ని ఊళ్ళూ తిరిగొచ్చింది. "ఇంకెవరికీ వినపడని ఈల బస్సులో ఎందుకుంటుందర్రా, డ్రైవరు చెవిలో ఉంది!"

సోమవారం పొద్దున్నే ట్వాలాగారు విసనకర్రతో సహా బస్సెక్కారు. వెనక కొడుకు, అప్పుడే స్టీరింగు కేసి చూస్తూ.

"ఏం బావా, చెవిలో ఈల మోగుతోందట?"

వెనక సీటు కింద నుంచి ఫలానికో తల బయటికొచ్చింది.

"చెవిలో కాదండీ, బస్సులో. నాకూ వినిపిస్తోంది."

బస్సంతా గుసగుసలు. ఊళ్ళో చప్పుళ్ళ గురించి ఫలానికో అబద్ధమాడాడని ఎవరూ ఎన్నడూ విన్లేదు. ట్వాలాగారు ఊరికే బృందం నాయకుడు కాలేదు. ఫలానికోని కిందికి దింపి, దూరంగా అరటిపళ్ళ బండి దాకా పంపించి, "నీకు వినపడే ఈల నా చెవిలో పాడు బావా," అన్నారు. లఫయేలే పాడాడు. తరవాత ఫలానికోని పైకి పిలిచి, "ఏదీ, నువ్వు పాడు," అన్నారు.

ఫలానికో పాడాడు. అదే ఈల. వెంట్రుకవాసి తేడా లేదు.

ట్వాలాగారి విసనకర్ర ఆగిపోయింది. "మరి నాకు వినపడదేం?"

"చెవి బాగా పదునుగా ఉన్నవాళ్ళకే వినపడుతుందండీ," అన్నాడు ఫలానికో వినయంగా.

ముందుగా తేరుకున్నది సూలియా మామ్మే. "ఆఁ! ఇదిగో, ఇప్పుడు వినిపిస్తోంది నాకు!" అంది లావుపాటాయన ఒళ్ళోంచి. టీచరమ్మకీ వినిపించింది. ఆవిడ ఒళ్ళో ఉన్నావిడకి రెండు చెవుల్లోనూ వినిపించింది. బృందం నాయకుడు అందరికన్నా వెనకబడితే ఎలా? ట్వాలాగారు కళ్ళు మూసుకుని, తలూపి, "అవునవును. చాలా స్పష్టంగా ఉంది," అని తేల్చారు. కొడుకుని దిగిపొమ్మన్నారు.

ఆ మధ్యాహ్నమే ఫలానికో స్పీకర్ని డ్రైవరు తల వెనక నుంచి పీకి బస్సు చివర బిగించాడు. తరవాత వైరు కొనాలంటూ లఫయేలేని బండెక్కించి, దుకాణం దాటించి, ఆసుపత్రి ముందు దింపాడు.

"ఇక్కడ వైర్లమ్ముతారట్రా?"

"లోపల నర్సమ్మనడుగు."

నర్సమ్మ చెవిలో వెలుగు వేసి చూసింది, గుసగుసగా ఏవేవో అడిగి జవాబులు చెప్పించింది. "వినికిడి బాగానే ఉంది. నీ చెవి దగ్గర ఏదైనా గట్టిగా మోగుతూ ఉండేదా?"

"పొద్దుటిదాకా ఉండేదమ్మా."

"దాన్ని తీసేసినవాడికి దణ్ణం పెట్టుకో. ఈల మెల్లగా తగ్గుతుంది."

బయట ఫలానికో ఆసుపత్రి బండి ముందు వంగి ఏదో వింటున్నాడు. లఫయేలే పక్కన నిలబడ్డాడు.

"నీకెప్పుడు తెలిసిందిరా?"

"ఏది?"

"పోయిందని నేను అబద్ధం చెప్పానని."

"ష్. ఈ బండి ఎర్తు చూశావా, ఎంత ఘోరంగా ఉందో?"

నర్సమ్మ అన్నట్టే లఫయేలే చెవిలో ఈల తగ్గుతూ తగ్గుతూ ఓనాడు పోయింది. ఊరి చెవిలో మాత్రం పోలేదు. ప్రతి ఆదివారం చర్చి మెట్ల మీద ట్వాలాగారు ఫలానికోని ఆపి, "మన బస్సులో ఈల ఇంకా కొంచెం ఉందోయ్," అంటారు. కావాలంటే పాడి కూడా వినిపిస్తారు. చప్పుడంటే ఒళ్ళు మండే ఫలానికో ప్రతి సోమవారం బస్సు కిందికి దూరి, లేని ఈల కోసం బాగున్న ఎర్తుని బుద్ధిగా గీకి వస్తాడు.