పీటర్స్‌బర్గ్‌లో ఎక్కడ తినాలో అత్తయ్యకు చెప్పినావిడ

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. నేను రాయబోయేదాంట్లో దయ్యం కూడా లేదు. పట్టపగలు, శనివారం పదకొండు గంటలకి, జనంతో కిటకిటలాడుతున్న ఒక కిరాణా కొట్లో జరిగింది. అక్కడున్నవాళ్లంతా నిక్షేపంగా బతికున్నవాళ్లే. అయినా ఏడాది నుంచి ఎవరికి చెప్పినా "నువ్వే ఎక్కడో పొరబడి ఉంటావు" అంటున్నారు. అందుకని జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను.

మేం మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉంటాం. మా ఆయన శ్రీధర్ కార్ల కంపెనీలో ఇంజనీరు. నాది ఐటీ ఉద్యోగం. మాకు ఒక్కతే కూతురు హాసిని, ఇది జరిగినప్పుడు దానికి పదమూడేళ్లు. పోయిన వేసవిలో మా అత్తయ్య తెనాలి నుంచి ఆరు నెలలు ఉండడానికి వచ్చారు.

హాసినికి వాల్‌నట్ పడదు. పడదంటే నాలుగు దద్దుర్లు వచ్చి తగ్గిపోయే బాపతు కాదు. గొంతు వాచి ఊపిరాడదు. దాని బ్యాగ్‌లో ఎప్పుడూ ఇంజెక్షన్ ఉంటుంది. కేకులు, బిస్కెట్లు, స్వీట్లు లేబుల్ చదవకుండా ముట్టుకోం.

జూన్‌లో దానికి రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో చెస్ టోర్నమెంట్ వచ్చింది. నాకు ఆఫీస్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉండి సెలవు దొరకలేదు. తండ్రీ కూతుళ్లే వెళ్లాలని తేల్చుకున్నాం. మేం శాకాహారులం, గుడ్డు కూడా తినం. వారం రోజులు వాళ్లిద్దరూ అక్కడ ఏం తింటారన్నదే నా బెంగంతా.

ఇలాంటి విషయాల్లో మా స్నేహితుల్లో నాకు కాస్త పేరుంది. ఎవరు ఏ ఊరు వెళ్తున్నా ఎక్కడ తినాలో పద్మనడగండి అంటారు. దాంతో నాకు కొంచెం తలకెక్కింది కూడా, ఒప్పుకుంటాను. పీటర్స్‌బర్గ్‌కి కూడా ఆన్‌లైన్‌లో ఒక షీట్ తయారు చేశాను. ఏ వీధిలో ఏముంది, బస నుంచి ఎంత నడక, మనం తినేవి ఏం దొరుకుతాయి, అన్నీ వరసగా పెట్టాను.

రివ్యూలు రాసినవాళ్లంతా ఒకే మాట చెప్పారు. ఆ ఊళ్లో శాకాహారులకి జార్జియన్ భోజనశాలలు మేలని. అట్లాంటా ఉన్న జార్జియా కాదు, రష్యా పక్కనున్న దేశం. అక్కడ వంకాయ చుట్టలు తప్పకుండా తినాలట. మా హాసినికి వంకాయంటే ప్రాణం. వాళ్ల బసకి దగ్గరలో ఉన్న అలాంటి చోటొకదాన్ని షీట్‌లో మొదటి వరసలో పెట్టి ఆకుపచ్చ రంగు వేశాను.

ఇక ఆ శనివారం సంగతి. మా ఇంటికి పావుగంట దూరంలో రష్యన్ కిరాణా కొట్టు ఒకటుంది. అక్కడి వెన్నతో కాచిన నెయ్యి అత్తయ్యకి నచ్చింది. ఆవిడ కోసమే రెండు మూడు వారాలకోసారి వెళ్లేవాళ్లం. ఆ రోజు కౌంటర్ దగ్గర పెద్ద లైను. కిటికీ పక్కన కుర్చీలుంటే అత్తయ్యని అక్కడ కూర్చోబెట్టి నేను లైనులో నిలబడ్డాను. పక్క కుర్చీలో నెరిసిన జుట్టు, పూల గౌను వేసుకున్న పెద్దావిడ ఒకరున్నారు.

ఇరవై నిమిషాలు పట్టింది. మధ్యలో రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను. ఇద్దరూ తెగ మాట్లాడేసుకుంటున్నారు. ఒకసారి అత్తయ్య కళ్లు తుడుచుకోవడం కనిపించింది. ఇంకోసారి ఆవిడ వేళ్లతో ఏదో చుట్టి చూపిస్తోంది. అత్తయ్యకి కాలక్షేపమైందిలే అనుకున్నాను తప్ప ఇంకేమీ ఆలోచించలేదు.

కారెక్కగానే అత్తయ్య మొదలుపెట్టారు.

"ఆవిడ పేరు నీనా అట. మనవాళ్లు వెళ్లే ఊరే ఆవిడది. ముప్ఫయ్యేళ్లు ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వండిందట. ఎక్కడ తినాలో అన్నీ చెప్పింది, ఇంటికెళ్లగానే రాసుకో."

అత్తయ్యకి ఇంగ్లీషులో వచ్చినవి రెండే రెండు. ఒకటి థాంక్యూ, రెండోది నో ఎగ్. ఆవిడ చెప్పింది మీకెలా అర్థమైంది అని అడిగాను.

"చెబితే అర్థం కాదా ఏమిటి?" అన్నారు నన్ను వింతగా చూస్తూ.

ఆవిడ వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పిందేమో, అత్తయ్య సైగలతో అర్థం చేసుకున్నారేమో అని ఊరుకున్నాను. ఇంటికొచ్చాక అత్తయ్య చెబుతుంటే ఒక కాగితం మీద తెలుగులో రాశాను. ట్రే పట్టుకుని వరసలో వెళ్లే భోజనశాలలుంటాయి, అక్కడ కూరని కంటితో చూసి వేలితో చూపిస్తే చాలు. బీట్‌రూట్ సూప్‌లో మాంసం నీళ్లుంటాయి, అడగకుండా తాగొద్దు. వాళ్లకీ మనలాగే ఉపవాసాలున్నాయి, 'పోస్ట్‌నయా' అని అడిగితే మాంసం, గుడ్డు, పాలు లేని వంట పెడతారు. చిల్లుగారెల్లాంటివి వేడివేడిగా పంచదార చల్లి అమ్ముతారు, పాలు కలిపిన కాఫీతో తినాలి.

చివర్లో అత్తయ్య గొంతు మారింది. "వంకాయ చుట్టలని ఉంటాయట. లోపల అక్రోటు నూరి కూరతారు. పిల్ల ఆ దరిదాపులకి పోకూడదు." వాల్‌నట్‌ని అత్తయ్య అక్రోటు అంటారు.

నాకు చిర్రెత్తింది. ఇన్ని రివ్యూలు చదివాను, ఏ ఒక్కరూ ఆ ముక్క రాయలేదు. వంకాయలో వాల్‌నట్ ఎవరు పెడతారు? నువ్వుల ముద్దో, శనగపప్పు పొడో అయ్యుంటుంది అనుకున్నాను. ఆవిడ తృప్తి కోసం రాసి, ఆ కాగితాన్ని శ్రీధర్ కోటు జేబులో పెట్టాను. షీట్‌లో మొదటి వరస మాత్రం తీయలేదు.

వాళ్లు చేరిన రోజు మాకు మధ్యాహ్నం ఒంటిగంటకి శ్రీధర్ బస నుంచి ఫోన్ చేశాడు. నేను ఇంటి నుంచే మీటింగ్‌లో ఉన్నాను. "పద్మా, అంతా బానే ఉంది, ముందు అది విను" అన్నాడు. ఆ మాట వినగానే మీటింగ్ వదిలేసి వంటింట్లోకి వెళ్లాను.

బయటి దేశాల సిమ్‌కి మొదటి రోజు అక్కడ నెట్ రాదట. షీట్ తెరుచుకోలేదు. నేను పదిసార్లు చెప్పిన చోటు కాబట్టి ఆ జార్జియన్ భోజనశాల ఒక్కటే గుర్తుంది. అక్కడికే వెళ్లారు. వంకాయ చుట్టలు ఆర్డర్ చేశారు. వాల్‌నట్ పడదని రష్యన్‌లో రాసిన కార్డు ఫోన్‌లో ఉంది. కానీ దాన్ని మేం స్వీట్ల కొట్లలో చూపించడానికి దాచుకున్నాం. వంకాయ కూరకి అలాంటి కార్డు చూపించాలని మాకెవరికీ తట్టలేదు.

ప్లేటు వచ్చింది, పైన దానిమ్మ గింజలు చల్లి. హాసిని ఫోర్క్‌తో ఒకటి తీసుకుంది. ఉపవాసం వంటకి రష్యన్‌లో ఏమనాలో చూసి వెయిట్రెస్‌ని అడుగుదామని శ్రీధర్ జేబులోంచి కాగితం తీశాడు. అడుగున పెద్ద అక్షరాలతో నేను రాసిన వాక్యం కంటబడింది. హాసిని చేతి మీద ఒక్క దెబ్బ వేశాడు. ఫోర్క్ కిందపడింది. కార్డు చూపిస్తే వెయిట్రెస్ కంగారుగా ప్లేటు తీసుకుపోయింది. వంటాయన బయటికొచ్చి చేతులు అడ్డంగా ఊపాడు. అది వాల్‌నట్ ముద్దే.

ఫోన్ పెట్టేసి వంటింటి గచ్చు మీద కూలబడి ఏడ్చాను. నేను పెట్టిన మొదటి వరస, నేను వేసిన ఆకుపచ్చ రంగు. అత్తయ్యకి చెబితే ఆవిడ "పిల్ల తినలేదుగా? తినలేదుగా?" అని మూడు నాలుగుసార్లు అడిగారు. తర్వాత వెళ్లి దేవుడి ముందు దీపం పెట్టారు.

మిగతా వారమంతా వాళ్లు ఆ కాగితం పట్టుకునే తిన్నారు. ట్రేల భోజనశాల, ఉపవాసం వంట, పంచదార చల్లిన గారెలు, ఒక్కటి కూడా తప్పలేదు. హాసిని గేముల్లో సగం ఓడిపోయి, రెండు కిలోలు పెరిగి వచ్చింది. ఎయిర్‌పోర్ట్‌లో దాన్ని చూశాక గానీ నేను సరిగ్గా ఊపిరి పీల్చుకోలేదు.

వాళ్లు తిరిగొచ్చాక వచ్చిన శనివారం, థాంక్స్ చెబుదామని అత్తయ్యని తీసుకుని కొట్టుకి వెళ్లాను. కౌంటర్‌లో ఉండే గల్యా నీనాగారి కూతురేనని అప్పుడే తెలిసింది. నీనాగారు అదే కుర్చీలో ఉన్నారు. మీ అమ్మగారు ఇంగ్లీషు బాగా మాట్లాడతారా అని గల్యాని అడిగాను.

ఆవిడ నవ్వింది. మా మాటలు ఇంగ్లీషులోనే జరిగాయి, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. "పదిహేనేళ్ల నుంచి ఉంటోంది, ఒక్క ముక్క రాదు. అందుకే మీ అత్తగారు దొరికారని ఎంత సంబరపడిందో. మా ఊరివాళ్లలాగే మాట్లాడిందట. రష్యన్ ఎక్కడ నేర్చుకున్నారు?"

మా అత్తయ్య తెనాలి దాటి చదవలేదు. నేను ఆవిడ వైపు తిరిగి, "అత్తయ్యా, ఆ రోజు మీరే భాషలో మాట్లాడారు?" అన్నాను.

"ఇదేం ప్రశ్నే? తెలుగే. ఆవిడే మన మాట చక్కగా మాట్లాడింది. కాస్త నెమ్మది, అంతే."

ఈలోగా నీనాగారు అత్తయ్య చెయ్యి పట్టుకుని గబగబా ఏదో అన్నారు. అది రష్యనే. అత్తయ్య నా మొహం చూసి, "ఏమంటోంది అమ్మాయ్?" అన్నారు. అత్తయ్య తెలుగులో బదులిస్తే నీనాగారు తెల్లబోయి కూతురి వైపు చూశారు. ఈసారి ఒకరి మాట ఒకరికి ఒక్కటీ అర్థం కాలేదు.

గల్యా తల్లి మాటలు నాకు చెప్పింది. "పిల్ల క్షేమమేనా అంటోంది. మీ అత్తగారిని ఇక ఏడవొద్దని చెప్పమంటోంది. తెలియక చేసిందానికి తొమ్మిదేళ్లు బాధపడింది చాలంటోంది."

ఏం చేశారని అడిగాను. గల్యా తల్లినడిగి, కొంచెం తటపటాయించి చెప్పింది. పిల్ల నాలుగేళ్లప్పుడు ఎవరో చుట్టాలు తెచ్చిన స్వీటు ముక్క నాయనమ్మే దాని నోట్లో పెట్టిందట. తర్వాత ఆసుపత్రిలో ఎంతమంది అడిగినా భయపడి నోరు విప్పలేదట.

హాసినికి నాలుగేళ్లప్పుడు మేం తెనాలి వెళ్లింది నిజం. దాని మొహం వాచిపోయి రెండు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఏం తిన్నదని డాక్టరు అడిగితే పప్పన్నమే అన్నారందరూ. వాల్‌నట్ అని ఇక్కడికొచ్చి టెస్టులు చేయించాక తేలింది. ఆ ముందురోజు మేం వెళ్లిన పెళ్లిలో వంటవాళ్లని నేను ఏళ్ల తరబడి తిట్టుకున్నాను. ఈ స్వీటు సంగతి నాకు తెలియదు, శ్రీధర్‌కీ తెలియదు.

పార్కింగ్‌లో కారు తీయకుండా కూర్చున్నాను. "అత్తయ్యా, ఆ స్వీటు సంగతి నాకు తెలిసింది" అన్నాను.

ఆవిడ తల వంచుకున్నారు. "చెబితే పిల్లని మళ్లీ నా దగ్గరికి పంపవేమోనని భయమేసిందమ్మా" అన్నారు. తర్వాత చిన్నపిల్లలా ఏడ్చారు.

"మీరు చెప్పాక కూడా ఆ వరస తీయలేదు నేను. మీకంటే నాదే పెద్ద తప్పు" అన్నాను. ఇద్దరం కాసేపు ఏడ్చి, మొహాలు తుడుచుకుని ఇంటికొచ్చాం. నా మీద నుంచి కూడా ఏదో బరువు దిగినట్టయింది.

శ్రీధర్ దగ్గర ఒక వివరణ ఉంది. ఆ కొట్లో వంకాయ, వాల్‌నట్ బొమ్మలున్న సీసాలు అమ్ముతారు, అమ్మ వాటిని చూసి ఉంటుంది అంటాడు. నేనూ వెళ్లి చూశాను, సీసాలున్నాయి. మరి స్వీటు సంగతి నీనాగారికి ఏ సీసా చెప్పింది? మేం అడిగితే ఆ రోజు కెమెరా వీడియో గల్యా చూపించింది. ఇరవై నిమిషాలూ ఇద్దరి పెదాలూ కదులుతున్నాయి. వీడియోకి శబ్దం లేదు.

ఏ భాషలో మాట్లాడుకున్నారో, ఎలా కుదిరిందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుస్తుందన్న ఆశా లేదు. మేం పార్కింగ్‌లో ఏడ్చి వచ్చిన మర్నాడు, ఆదివారం మధ్యాహ్నం అత్తయ్య పప్పన్నంలో నెయ్యి వేసి కలిపి, హాసినిని పిలిచి తన చేత్తో ముద్దలు పెట్టారు. ఆ ఆసుపత్రి తర్వాత ఇన్నేళ్లలో ఆవిడ దానికి ఏనాడూ తన చేత్తో తినిపించలేదని, నేనది మడి పట్టింపు అనుకుంటూ వచ్చానని నాకప్పుడు తట్టింది. హాసిని ఫోన్ చూసుకుంటూ అన్నీ తినేసి, ఇంకా ఉందా అని అడిగింది.