సెలైన్ స్టాండుతో మాట్లాడిన డాక్టరమ్మ

మా విలిమైనా డాక్టరమ్మ సర్టిఫికెట్లు బీరువాలో సబ్బుల పెట్టె కింద ఉంటాయి. ఫిజీ రాజధాని సువాలో ఆరేళ్లు చదివింది. మెల్‌బోర్న్‌లో నాలుగేళ్లు ఐసీయూలో పనిచేసింది. అక్కడే ఉండమంటే, చలికి ముక్కు ఊడిపోతోందని మా వనువా లెవు దీవికి వచ్చేసింది. ఆవిడ అసలు చదువు మాత్రం ఎవరికి ఎవరు ఏమవుతారన్నది. ఇరవయ్యేళ్లుగా ఆవిడ దగ్గర నర్సుని, నాకు తెలుసు.

ఓ శనివారం మధ్యాహ్నం సకియాసిని తెచ్చారు. నాడి ముప్ఫై రెండు. మొదటి సూదికి అది పెరగలేదు. చేప విషమో, ఏవైనా మాత్రలో తెలిస్తే గాని రెండో మందు ఎంచుకోలేం. మనిషికి తెలివి ఉంది. డాక్టరమ్మ అడిగితే మాత్రం గోడవైపు తిరిగాడు. ఆవిడ అతని పిన్ని కూతురు, అంటే చెల్లెలు. ఇక్కడ ఈడొచ్చాక అన్నాచెల్లెళ్లు మాట్లాడుకోరు. వీళ్లు మాట్లాడుకుని ముప్ఫై ఏళ్లయింది. నేను అడిగినా, చెల్లెలు వింటోందని "ఏం లేదు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ప్రాణం పోతుంటే మర్యాదలేమిటి?

డాక్టరమ్మ విసుక్కోలేదు. "అంబులెన్స్ డ్రైవర్ ఎపెలిని పిలువు. ఈయనకి మేనమామ కొడుకు అవుతాడు" అని తెర వెనక్కి వెళ్లింది.

ఎపెలి వచ్చి మంచం మీదికి వంగాడు. "ఏం బావా, పోయేముందు మా ఇంట్లో ఏం కొట్టేశావో చెప్పి పో."

బావ వెక్కిరిస్తే ఊరుకునే మగాడు ఈ దీవిలో పుట్టలేదు. సకియాసి గొణిగాడు: "మీ ఇంట్లో ఏముందిరా, చిల్లు కుండలు తప్ప? నడుం నొప్పని మీ నాన్న డబ్బాలో మాత్రలు నాలుగు మింగాను."

"అవి గుండె మాత్రలురా, దొంగబావా."

తెర వెనక డాక్టరమ్మ అప్పటికే విరుగుడు మందు సిరంజిలోకి తీసి నాకందించింది. గంటలో నాడి అరవై దాటింది.

మూడోనాడు ఇంటికి పోతూ సకియాసి సెలైన్ స్టాండు దగ్గర ఆగాడు. డాక్టరమ్మ నాలుగడుగుల దూరంలో కాగితాలు రాస్తోంది. అతను స్టాండుతో అన్నాడు: "చిన్నప్పుడు మా చెల్లెలు కెరటాల్లో మునిగిపోతుంటే జుట్టు పట్టి లాగాను. ఇప్పుడు తను నన్ను లాగిందని చెప్పు."

డాక్టరమ్మ తలెత్తలేదు. ఆవిడా స్టాండుతోనే అంది: "పట్టుకోడానికి జుట్టే లేదు, చాలా కష్టమైందని చెప్పు."

అతను బట్టతల తడుముకుంటూ నవ్వుకుని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం నేను స్టాండు తీసి మూల పెట్టబోతే డాక్టరమ్మ వద్దంది. "ఉండనివ్వు. ముప్ఫై ఏళ్ల తర్వాత మా అన్న మాట తెచ్చింది."