చెయ్యి పెట్టిన చోటే తుప్పు

2021 ఎండాకాలం. తోటపల్లి గూడూరు రోడ్డు పక్కన నా టింకరింగ్ షెడ్డు. కార్లకు సొట్టలు తీసి, తుప్పు గీకి, రంగు వేయడం నా పని. అప్పటికే ఇరవై ఏళ్ళ అనుభవం. నాకు తెలియని తుప్పు లేదన్న పొగరు కూడా ఉండేది.

పోలమ్మక్క, ఆమె భర్త శీనయ్య ఒక పాత తెల్లకారులో వచ్చారు. నడుము దెబ్బతిని శీనయ్య చేపల వేట మానేశాక, ఆ కారులో ఎండుచేపలు వేసుకుని కొడవలూరు వైపు సంతలు తిరిగేవాళ్ళు. వాళ్ళ బతుకంతా ఆ బండి మీదే. మరుసటి ఏడు మొదట్లో దానికి పదిహేనేళ్ళు నిండుతాయి, అప్పుడు రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి చూపించాలి. ముందు అద్దం కింద ఒకటి, తలుపుల కింద ఫుట్‌బోర్డు మీద రెండు, రూపాయి బిళ్ళంత తుప్పు మచ్చలు.

"ఇదేం పెద్ద రోగం కాదులే అక్కా. రెండు రోజుల్లో తీసకపో" అన్నాను.

మచ్చను ఎమరీ పేపరుతో తెల్లటి రేకు కనబడేదాకా గీకాలి. గుంటను పుట్టీతో, అంటే పూడ్చే పేస్టుతో నింపాలి. దాన్ని వాటర్ పేపరుతో, నీళ్ళు పోస్తూ నున్నగా రుద్దాలి. ఆరబెట్టి, రంగు పట్టుకోవడానికి ముందుగా ప్రైమర్ కొట్టాలి. ఆ పైన రంగు. అన్నీ పద్ధతిగానే చేశాను.

నాలుగు నెలలకు మళ్ళీ వచ్చారు. అవే మూడు చోట్ల రంగు పొక్కి బుడగలు లేచింది. గోటితో గిల్లితే కింద ఎర్రటి పొడి.

"ఉప్పు చేపలు మోస్తా ఉంటే ఇంకేమవుద్ది? రెన్యువల్ అయ్యేదాకా ఎక్కించబాక."

"మోయకుంటే మేమేం తినాల అబ్బయా?"

"కొన్నాళ్ళు ఓర్చుకో అక్కా."

ఓర్చుకుంది. బాగుచేసిచ్చిన కారును కడిగి, పట్టా కప్పి ఇంటి ముందు నిలబెట్టారు. సంతలు మానేసి, తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగింది. వానలు వెనకబట్టాక మళ్ళీ వచ్చారు. అవే చోట్ల, ఈసారి ఇంకా పెద్ద బుడగలు.

షెడ్డులో అప్పుడు నలుగురు కస్టమర్లున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఎక్కించినావు గదా? నిజం చెప్పు."

"బిడ్డల మీద ఒట్టబ్బయా. ఒక్క చేప ఎక్కించలా."

"అబద్ధాలాడబాక. ఉప్పు తగలకుండా తుప్పు యాడనించి వస్తాది?"

ఆమె బండి వెనక్కి వెళ్ళి డిక్కీ ఎత్తి చూపించింది. "చేపలు పెట్టేది ఈడ గదా. ఇది బాగానే ఉండాది. నువ్వు చెయ్యి పెట్టిన చోటే వస్తా ఉండాది."

ఒళ్ళు మండిపోయింది నాకు. "చేపలమ్ముకునేదానివి, నాకు పని నేర్పిస్తావా?" అన్నాను. అందరూ నవ్వారు. శీనయ్య తల దించుకుని బండి స్టార్ట్ చేశాడు.

గీకిన ప్రతిసారీ రేకు కొంత అరుగుతుంది. ఫుట్‌బోర్డుకు చిల్లులు పడ్డాయి. రెన్యువల్ కాలేదు, బండి తుక్కుకు పోయింది. ఈ సంగతి విని "నేనప్పుడే చెప్పానుగా" అనుకున్నాను. అంతటి మనిషిని.

మరుసటి ఏడు వేరే కారు తలుపు ఒకటి బాగుచేసి రంగేశాను. దాని ఓనరు ఎంతకీ రాకపోతే షెడ్డులోనే గోడకు ఆనించి పెట్టాను. రోడ్డెక్కలేదు, చేప ఎరగదు. మూడు నెలలకు దాని మీద అవే బుడగలు లేచాయి.

పక్కనే వాటర్ పేపరు నానేసిన బకెట్టు ఉంది. వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు!

చుట్టూ పొలాలు రొయ్యల గుంటలయ్యాక మా బోరు ఉప్పెక్కిన సంగతి నాకు తెలియనిదా? తాగడానికి ఎప్పటినుంచో క్యాను నీళ్ళే. టీకి కూడా అవే. నా నోటికి పనికిరాని నీళ్ళతో ఆమె కారును రుద్ది, పైన రంగేసి, ఉప్పును లోపలే పెట్టి మూశాను. ఇంకెన్ని బండ్లను ఇలా చంపానో! గాలి అనీ, రొయ్యల గుంటలనీ అందరికీ ఏదో ఒకటి చెప్పి పంపేవాణ్ణి. ఛీ, ఏం బతుకు!

ఇప్పుడు బండికి కూడా క్యాను నీళ్ళే వాడుతున్నాను. ఆ బుద్ధి ఎవరికి కావాలి?

వెతుక్కుంటూ వెళ్ళాను. పోలమ్మక్క బస్టాపు దగ్గర తట్ట ముందు కూర్చుని ఉంది. శీనయ్య ఆ నడుముతోనే రొయ్యల గుంటలకు కాపలా పోతున్నాడట. జరిగిందంతా చెప్పాను. ఆమె ఈగలు తోలుతూ విన్నది.

"తప్పు నాదే అక్కా."

"నాకెందుకబ్బయా చెప్తావు? నేను అబద్ధమాడలేదని నాకు తెలియదా? ఆ పొద్దు నలుగురి ముందర అన్నావే, ఆళ్ళకి చెప్పు పో."

ఆ నలుగురూ ఎవరెవరో ఎంత ఆలోచించినా నాకు గుర్తు రావడం లేదు. దారిన పోయే బండ్లవాళ్ళు, ఎక్కడివారో ఏమో. అందుకే ఇది చదువుతున్న మీ అందరికీ చెబుతున్నాను. పోలమ్మక్క అబద్ధమాడలేదు.