చీనీ మొక్కల సైటుకు నేను పెట్టిన కాపలా

మా పుట్టింట్లో ఇప్పటికీ ఏదైనా వస్తువు కనబడకుండా పోతే, వెతకడం మొదలుపెట్టకముందే అందరూ ఒకే ప్రశ్న అడుగుతారు. "దానికి గౌరిని గానీ కాపలా పెట్టినారా ఏమి?"

గౌరి అంటే నేనే. ఈ కీర్తి నాకు ఊరికే రాలేదు. కంప్యూటర్ల చదువు చదివి, ఒక్క గీత గీసి, మా నాయన వ్యాపారాన్ని లోకం కళ్ళకు కనబడకుండా చేసి, ఆ నేరాన్ని తీసుకెళ్ళి పాపం తెలియని మనిషి నెత్తిన పెట్టబోయి సంపాదించుకున్నాను. చదివి నవ్వుకోండి. మీరు నవ్వకపోతేనే నాకు బాధ. అంత శ్రమపడ్డాను మరి.

మా నాయన నారాయణప్పకు అనంతపురం నుంచి బత్తలపల్లె పోయే దారిలో చీనీ మొక్కల నర్సరీ ఉండేది. చీనీని వేరే జిల్లాలవాళ్ళు బత్తాయి అంటారు. అది వాళ్ళ ఖర్మ. నిమ్మ మొదలు మీద చీనీ కన్ను అంటు కట్టడంలో మా నాయన చెయ్యి ఎలాంటిదంటే, ఆయన ఊతకర్రకు అంటు కట్టినా అది కాయలు కాసేదని చెప్పుకునేవాళ్ళు. చెప్పుకునేది ఎక్కువగా ఆయనే అనుకోండి.

ఈ వ్యాపారంలో ఒక్కటే చిక్కు. వానలు పడేలోపల మొక్కలన్నీ అమ్ముడుపోవాలి. అమ్ముడుపోని మొక్క ఊరికే కూర్చోదు, నీళ్ళు తాగుతుంది. మా బోరేమో ఎండాకాలం వచ్చిందంటే ముసలాయన దగ్గినట్టు చాలాసేపు దగ్గి, చివర్లో కాసిన్ని నీళ్ళు ఉమ్మేది.

నేను ఎంసీఏ ముగించి ఇంటికి వచ్చినప్పుడు, ఇంటర్నెట్ అప్పుడప్పుడే బజారు సెంటర్లు దాటి ఇళ్ళలోకి వస్తోంది. వచ్చీరాగానే మా నర్సరీకి ఒక వెబ్‌సైటు చేశాను. మొదటి పేజీలో మా నాయన తలపాగా చుట్టుకుని, చీనీ మొక్కను గెలిచిన కప్పు లాగా ఎత్తి పట్టుకున్న ఫొటో పెట్టాను. ఎవరైనా సెర్చ్ ఇంజన్‌లో చీనీ మొక్కలని కొడితే మొట్టమొదట మేమే వచ్చేవాళ్ళం. బెంగళూరులో ఉద్యోగాలు చేస్తూ తనకల్లు పక్క, కదిరి పక్క పొలాలున్నవాళ్ళు చూసి ఫోన్లు చేసేవాళ్ళు. నేను ఇంట్లో నేల మీద నడవడం మానేశాను, జానెడు ఎత్తున తేలేదాన్ని.

ఒక ఎండాకాలం పొద్దున చూద్దును కదా, మేము మూడో పేజీలో ఉన్నాం. మూడో పేజీ అంటే మీకు తెలుసు కదా, అక్కడికి దారి తప్పినవాళ్ళు తప్ప ఎవరూ రారు.

తవ్వి చూస్తే సంగతి తెలిసింది. వేరే సైట్లు లింకు ఇచ్చి మన సైటు పేరు చెబితే సెర్చ్ ఇంజన్ దగ్గర మనకు పరపతి పెరుగుతుంది. ఆ చెప్పేవాళ్ళు మర్యాదస్థులైతేనే. జూదం సైట్లూ, దొంగమందుల సైట్లూ గుంపులు గుంపులుగా మన పేరు జపించడం మొదలుపెడితే, "ఈ పిల్ల సావాసాలు బాగాలేవు" అని అది మనల్ని వెనక్కి నెట్టేస్తుంది. మా సైటుకు ఎవరో పనిగట్టుకుని అలాంటి సావాసాలు అంటగట్టారు. వాటిలో సగం చైనా భాషలో ఉన్నాయి.

నేను హాల్లోకి పరుగెత్తుకొచ్చి అరిచాను. "నాయనా! మన సైటు మీద దాడి చేసినారు!"

ఇక్కడే నా మొదటి తప్పు. మా వైపు సైటు అంటే ఇల్లు కట్టుకునే స్థలం. అనంతపురంలో మాకు అలాంటిది ఒకటి ఉంది కూడా.

నాయన తింటున్న గిన్నె పక్కన పెట్టాడు. "ఎవురు పాపా? హద్దురాళ్ళు పీకేసినారా?"

"రాళ్ళు కాదు నాయనా, కిందికి తోసేసినారు. మొన్నటి దాకా మొదట ఉండె. ఇప్పుడు యాడనో ఎనకాల ఉండాది."

"సైటును ఎనక్కి జరిపినారా!" అన్నాడు నాయన.

నేను మిగతాది వివరించేలోపల మా చిన్నాయన వీరన్న గడ్డపార తీసుకుని బండెక్కేశాడు. ఆయన మంచివాడే, వినడానికి మాత్రం ఓపిక ఉండదు. మేము వెనకాలే పోయి చూస్తే, చిన్నాయన మా స్థలం నడుమ నిలబడి, నీడ కోసం మేకలతో వచ్చిన ఒకాయన్ను నిలదీస్తున్నాడు.

"చెప్పప్పా, ఎవురు పంపినారు నిన్ను?"

"మేకలే నన్ను తోలుకొచ్చినాయన్నా" అన్నాడు ఆయన దీనంగా.

ఆయనకు క్షమాపణ చెప్పి, చిన్నాయన చేతిలోంచి గడ్డపార తీసుకుని, కంప్యూటర్ సైటు అంటే ఏమిటో ఆ ఎండలోనే పాఠం చెప్పాను. చిన్నాయన అంతా విని ఒక్కటే అడిగాడు. "చైనావోళ్ళు మన మీద ఎందుకు పడతారు పాపా? చీనీ అని పేరు చూసి వాళ్ళవే అనుకున్నారేమో."

మా స్థానంలో ఇప్పుడు ఎవరున్నారా అని చూశాను. మొట్టమొదట ఓబులేసు మామ నర్సరీ ఉంది. బత్తలపల్లెలో ఆయనది కూడా చీనీ మొక్కల వ్యాపారమే. మా నాయనకూ ఆయనకూ ఎవరి అంటు గట్టిదని పాతికేళ్ళుగా నడుస్తున్న వాదన ఉంది. నాకు ఇంక సాక్ష్యం అక్కరలేకపోయింది. ఆ కోపంలో రెండో స్థానంలో ఎవరున్నారో కూడా చూడలేదు. చూసి ఉంటే ఈ కథ ఇక్కడే ముగిసి, మీరూ నేనూ వేరే పని చూసుకునేవాళ్ళం.

ముందు మా సైటుకు గట్టి కాపలా పెట్టాలనుకున్నాను. ఇంటర్నెట్‌లో ఎవరో మహానుభావుడు రాసింది చదివాను. సైట్లలోకి రోబోలనే ప్రోగ్రాములు వస్తాయట, పేజీలు దొంగిలించుకుపోతాయట. ఏ రోబో రావచ్చు, ఏది రాకూడదు అని చెప్పడానికి ప్రతి సైటు గుమ్మంలోనూ ఒక చిన్న ఫైలు ఉంటుందట. ఇంకేం! అందులో ఏ రోబో కూడా లోపలికి రాకూడదని, మొత్తం సైటు అని అర్థమిచ్చే ఒక్క ఏటవాలు గీతతో, అంటే స్లాష్‌తో, శాసనం చేసేశాను. చేసి, మా అమ్మతో కాఫీ పెట్టించుకుని తాగాను.

కొద్ది రోజుల్లో మేము మూడో పేజీలో లేము. పదో పేజీలోనూ లేము. మా సైటు పేరు అక్షరం అక్షరం కొట్టినా, "అట్లాంటివాళ్ళు మాకు తెలియదు" అన్నట్టు మొహం పెట్టింది సెర్చ్ ఇంజన్. ఫోన్ మోగడం ఆగిపోయింది. మొక్కలు మాత్రం నీళ్ళు తాగడం ఆపలేదు. నాయన నర్సరీలోకి ట్యాంకరు తెప్పించి, పైపు పట్టుకుని మొక్క మొక్కనూ తడుపుతుంటే చూడలేకపోయాను.

"ఓబులేసు మామే నాయనా! ఈసారి పూర్తిగా మాయం చేసినాడు. పోయి అడుగుదాం పా."

"ఆయప్ప వాదిస్తాడు గానీ, ఇట్లాంటి పని చేసే మనిషి కాదు పాపా."

"నీకు తెల్దు నాయనా, ఇది కంప్యూటర్ విషయం."

మరుసటి పొద్దున నాయనా, చిన్నాయనా, నేనూ బత్తలపల్లె చేరాం. ఓబులేసు మామ వసారాలో కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి మొహం విప్పారించాడు.

"ఏమప్పా నారాయణప్పా, అందరూ కట్టగట్టుకోని వచ్చినారే! ఉగ్గాని చేస్తాండారు, తిని పోదురు, కూచోండి."

"మేము తినేకి రాలేదు మామా, అడిగేకి వచ్చినాం" అన్నాను. దారి పొడుగునా సాధన చేసిన వాక్యం అది. "మా సైటును ఎందుకు మాయం చేసినావు?"

"మీ సైటా? నేనా? యాడుండాది అది?"

"సెంట్ల లెక్కది కాదప్పా" అన్నాడు చిన్నాయన, చాలా పెద్దరికంగా. "కంప్యూటర్‌లో ఉండేది. నీకు అర్థం కాదులే."

ఈ గొడవకు లోపలి నుంచి ఓబులేసు మామ కోడలు రమ బయటికి వచ్చింది. పెళ్ళికి ముందు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసిందని, నోరు కత్తి లాంటిదని విన్నాను. రెండూ నిజమే. ఒక చేతిలో మిరపకాయ బజ్జీల పళ్ళెం, ఇంకో చేతిలో ల్యాప్‌టాప్.

"నేనే మా మామ సైటు చూస్తాండేది. ఏమైంది చెప్పు గౌరీ."

చెప్పాను. ఆమె మధ్యలో ఆపలేదు. అంతా విని మా సైటు పేరు కొట్టి, దాని పక్కన ఆ గుమ్మం ఫైలు పేరు చేర్చింది. తెర మీద నేను రాసిన శాసనం నల్లగా, స్పష్టంగా వచ్చింది. రమ దాన్ని తెలుగులో పైకి చదివింది.

"'లోకంలో ఉండే రోబోలన్నింటికీ చెప్పేదేమంటే, మా సైటులో ఒక్క పేజీ లోపలికి కూడా ఎవురూ రావద్దు.' ఇది మా మామ రాసినాడంటావా?"

అందరూ నా వైపు తిరిగారు. బజ్జీలు కూడా చల్లారడం ఆపి నన్నే చూస్తున్నట్టు అనిపించింది.

"ఎవురు రాసినారు పాపా?" అన్నాడు నాయన.

"నేనే నాయనా. దొంగలు రాకుండా."

"దొంగ రోబోలు దీన్ని చదవనే చదవవు" అంది రమ. "సెర్చ్ ఇంజన్ పంపే రోబో మర్యాదైంది. అదొక్కటే చదివి, వద్దన్నారు కదా అని ఎనక్కి పోయింది."

చిన్నాయన ఒక బజ్జీ అందుకున్నాడు. "అంటే, ఇంటికొచ్చే చుట్టాన్ని గుమ్మంలో ఆపి, దొంగలను లోపలికి రానిచ్చినావు. అంతేనా?"

అంతే. ఇంత బాగా ఎంసీఏలో కూడా ఎవరూ చెప్పలేదు.

ఓబులేసు మామ నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి, దగ్గి, కండువాతో కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నా మొహం చూసి మళ్ళీ నవ్వాడు. "తినమ్మా, తిను. అడిగేకి వచ్చినావు, అడిగేసినావు. ఇంగ తినేకేం?" సిగ్గుతో తల దించుకునే తిన్నాను. ఆ బొరుగుల ఉగ్గాని చాలా బాగుందని మాత్రం ఒప్పుకోవాలి.

"అయినా" అంది రమ, తెర మీద వేలు పెట్టి, "మొదట మిమ్మల్ని మూడో పేజీకి తోసిందైతే నువ్వు కాదు. మా సైటు మీద కూడా అదే చెత్త పడతాండాది. మా కింద రెండోదిగా ఉండే ఈ సైటు ఎవరిది?"

తెరిచింది. మా సైటు కోసం నేను రాసిన మాటలన్నీ అక్షరం మారకుండా అందులో ఉన్నాయి. పైన తలపాగాతో, చీనీ మొక్క ఎత్తి పట్టుకుని మా నాయన. కింద వేరే ఎవరిదో పేరు, బెంగళూరు ఫోన్ నంబరు.

"ఇది నేనే కదా?" నాయన కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "నా మొగానికి ఇంగొకని పేరెందుకు పెట్టినారు?"

ఓబులేసు మామ నంబరు చూసి తొడ చరిచాడు. "ఈడా! వీడు మన ఇద్దరి తావా మొక్కలు కొనే బ్రోకరు కదప్పా! అంటు కట్టని మొక్కలు కలిపి అమ్ముతాండాడని మనమే తరిమేసినాం!"

అప్పుడు నేను ఆ ఫొటో మీద నొక్కి, అది ఎక్కడి నుంచి వస్తోందో చూశాను. వాడు ఎంత సోమరి దొంగంటే, బొమ్మను తన దగ్గర పెట్టుకోలేదు. మా సైటు నుంచే సూటిగా చూపిస్తున్నాడు. నా బుర్రలో అప్పటిదాకా కరెంటు పోయి ఉందనుకుంటాను, ఒక్కసారిగా వచ్చింది.

"రమా! ఇక్కడ నేను బొమ్మ మారిస్తే అక్కడ కూడా మారుతుంది!"

రమ మొదటిసారి నన్ను గౌరవంగా చూసింది.

వెంటనే మా నాయననూ ఓబులేసు మామనూ వసారాలో పక్కపక్కన నిలబెట్టాం. ఇద్దరూ అరచేతులు ముందుకు చాచి ఆపుతున్నట్టు, మొహాలు రాయి లాగా పెట్టారు. మధ్యలో అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాశాం. "ఇది దొంగ అంగడి. అసలైన చీనీ మొక్కలకు మాకు ఫోన్ చేయండి." కింద ఇద్దరి నంబర్లు. ఆ ఫొటోకు పాతదాని పేరే పెట్టి ఎక్కించాను. మా సొంత సైటులో కనబడే బొమ్మకు మాత్రం ముందుగానే వేరే పేరు పెట్టాను. అది నాకు రమ గుర్తు చేసిందని చెప్పడం నాకు ఇష్టం లేదు, కాబట్టి చెప్పను.

నా శాసనాన్ని తుడిచేశాను. ఆ చెత్త సావాసాలు మావి కావని సెర్చ్ ఇంజన్‌వాళ్ళకు రాశాను. మా పేరు తీసేయమని చైనా సైట్లకు కూడా మర్యాదగా ఇంగ్లీషులో రాశాను. వాళ్ళు ఏమనుకున్నారో తెలియదు గానీ, కొందరు తీసేశారు. మా సైటు ముందు ఎక్కడో వెనకాల మళ్ళీ కనబడింది, తర్వాత మూడో పేజీకి వచ్చింది, ఆ పైన మెట్టు మెట్టుగా ఎక్కి, మొదటి వానకు ముందే మళ్ళీ మొట్టమొదటికి చేరింది. దాని కింద ఓబులేసు మామ. పైన ఎవరుండాలన్న వాదన అప్పటి నుంచి కొత్తగా మొదలైంది.

అసలు పండగ దొంగ అంగట్లో జరిగింది. అక్కడికి మొక్కల కోసం పోయినవాళ్ళందరికీ గుమ్మంలోనే మా పెద్దవాళ్ళిద్దరూ చేతులు చాచి ఎదురయ్యేవాళ్ళు. చూసినవాళ్ళు చూసినట్టే మాకు ఫోన్లు చేశారు. కొందరైతే ఆ ఫొటోలో ఉన్న పెద్దాయనతోనే మాట్లాడాలని పట్టుబట్టారు. లారీలు వచ్చాయి. ట్యాంకరు రావడం మానేసింది.

చివరికి ఆ బ్రోకరే ఫోన్ చేశాడు. నాయన స్పీకర్ నొక్కాడు.

"అన్నా, ఆ ఫొటో తీసేయండన్నా. మీ సైటుకు ఆ చెత్త లింకులన్నీ నేనే ఒకనికి చెప్పి పెట్టించినా. తప్పయింది. పూరా ఆపేస్తా."

"నా బొమ్మ నా సైటులో పెట్టుకున్యా" అన్నాడు నాయన తాపీగా. "నువ్వెందుకు చూస్తాండావు?"

వాడు ఫోన్ పెట్టేశాడు. ఆ సాయంత్రానికి వాడి సైటు మూతబడింది. నేను గెంతుకుంటూ నర్సరీలోకి పోయి చెబితే, నాయన చివరి వరస మొక్కలు లెక్క చూసుకుంటూ దిగులుగా తల ఎత్తాడు.

"అప్పుడే ఆపేసినాడా? ఇంగ కొన్ని దినాలు దొంగతనం చేసింటే ఇవి కూడా అయిపోతాండె కదా పాపా!"

అందుకని, పాఠకులారా, మీ అందరి సాక్షిగా, తూర్పుకు తిరిగి, చేతిలో చీనీకాయ పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏటవాలు గీతను ఒంటరిగా గీయను. చెక్కు మీద తేదీకీ నెలకూ నడుమ గీయాల్సి వచ్చినా సరే, మా ఆయన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, ఇద్దరం కలిసి కలం పట్టుకుని గీస్తాం.